నవ్వు బొమ్మ బండి

ఎలుగుబంటి తవ్వి పోసిన, చలికాలానికి ముల్లంగి పాతిపెట్టే గోతిలోకి వంగి చూసిన అకిహోకి, కుళ్ళిన తిండి గుట్ట మీద తమ దుకాణాల ముద్ర కనిపించింది.

ఆ ముద్ర కాగితం మీదది కాదు. యుకిమోరియా దుకాణాల్లో అమ్మే ప్రతి తీపి బన్ను మీదా ఇనుప అచ్చు కాల్చి అద్దే మంచుపువ్వు. బన్ను సగం బూజు పట్టినా పువ్వు మాత్రం నల్లగా, స్పష్టంగా ఉంది. దాని పక్కన ఇంకోటి. వాటి కింద కొరొక్కె వడలు, తోఫు ముక్కలు, ఎండిపోయిన చేప తునకలు. గోతి అంచున మట్టి మీద గోళ్ళు దిగిన చారలు.

"మీ దుకాణంలో ఎలుగు కూడా ఖాతా తెరిచినట్టుందమ్మా," అన్నాడు వేటగాళ్ళ సంఘం ఇవాబుచి, తుపాకిని ఈ భుజం మీంచి ఆ భుజం మీదికి మార్చుకుంటూ. మాట వేళాకోళంగా ఉంది కానీ మొహంలో నవ్వు లేదు. "ఇంత విందు పెడితే కొండ దిగి రాకేం చేస్తుంది?"

ఇది అబద్ధమని తేల్చడానికే అకిహో ఈ కొండ ఎక్కి వచ్చింది.

అంతవరకూ కథ ఇలా నడిచింది. ఉవాదైరా అనే ఈ కొండ పల్లెలో, మూతపడిన బడి వెనక, ఈ గోతి దగ్గరే, ఫుజినో అవ్వ మీద ఎలుగు పడింది. కింద పట్నం ఆసుపత్రిలో అవ్వ ఇంకా కళ్ళు తెరవలేదు. పల్లెపల్లెకీ తిరిగి సరుకులమ్మే యుకిమోరియా సంచార బండి పారబోసిన సరుకు కోసమే ఎలుగు వచ్చిందని లోయంతా పుకారు. అసలే యుకిమోరియాకి ఈ ఏడు గడ్డుకాలం. బియ్యం దొరకలేదు, చమురు ధర మండిపోయింది, కొన్ని కొట్లకు తాళాలు పడ్డాయి. అంత కష్టంలోనూ ఛైర్మన్ ఒక మాట ఇచ్చాడు. మా దుకాణాల నుంచి ఒక్క మెతుకు కూడా చెత్తలోకి పోదు అని. ఆ మాట నిలబెట్టే పని ప్రధాన కార్యాలయంలో ఒకే ఒక్క కుర్చీ ఉన్న విభాగానిది. ఆ కుర్చీ సెంగోకు అకిహోది.

ఆమె మోకాళ్ళ మీద కూర్చుని మళ్ళీ చూసింది. ఏదో లోటుగా ఉంది. గోతిలో ఉండాల్సినదేదో లేదు.

"ఇవాబుచి గారూ, ఎలుగు ప్లాస్టిక్ తింటుందా?"

"చింపుతుంది. తినదు. తిన్నా ఇక్కడే కక్కుతుంది."

"మరి కవర్లేవి? ట్రేలేవి?"

ఇవాబుచి కర్రతో కెలికాడు. తోఫు ఉంది, తోఫు డబ్బా లేదు. వడలున్నాయి, వడల కింద తెల్ల నురుగు ట్రేలు లేవు. ఒక్క కవరు ముక్క కూడా ఆ గోతిలో లేదు.

"ఎవరో ఒలిచి మరీ పెట్టారు," అన్నాడతను. "ఎలుగుకి పళ్ళు నొప్పెడతాయనేమో."

*

ఫోన్ మోగింది. కార్యాలయం నుంచి డైరెక్టర్ కుజే. అకిహోకి ఈ మధ్య వచ్చే ఫోన్లన్నీ అక్కణ్ణుంచే.

"దొరికిందటగా?" అన్నాడు కుజే. వార్త ఆమెకన్నా ముందే కొండ దిగిపోయింది. "చూడండి సెంగోకు గారూ, సాయంత్రం విలేకరుల ముందు నేను తలొంచి నిలబడాలి. తలొంచేటప్పుడు చెప్పడానికి ఒక పేరు కావాలి. డ్రైవరు ఒనొదెరా పారబోశాడు, తొలగించాం, ఆ దారిలో బండి ఆపేశాం. అంతే కదా?"

"అతనే అని తేలలేదండీ."

"బండి అతనిది. సరుకు అతనిది. మిగులు లేకుండా తిరిగొచ్చి మెప్పులు పొందిందీ అతనే. ఇంకేం తేలాలి? లేదంటే వేరే పేరు చెప్పండి. మీరు ఆ చిరుతిళ్ళ బండికి నవ్వు బొమ్మ తగిలించిన రోజే అనుకున్నాను, ఇదెక్కడికో వస్తుందని."

పెట్టేశాడు.

నవ్వు బొమ్మ నిజంగానే ఆమె ఆలోచన. బండి వెనక తలుపు మీద గుండ్రటి చెక్క. సరుకంతా అమ్ముడైతే నవ్వు మొహం, మిగిలితే ఏడుపు మొహం. పల్లెల్లో ముసలివాళ్ళకి సరదాగా ఉంటుందని గీయించింది. పక్క లోయ బండికి వసంతమంతా ఏడుపు మొహమే. ఎండాకాలంలో కుజే ఆ దారి ఎత్తేశాడు. మిగిలిన తాజా సరుకు చెత్తలోకి పోవాల్సిందే కాబట్టి, ఛైర్మన్ మాట పోకుండా ఉండాలంటే బండే పోవాలన్నాడు. ఉవాదైరా బండి మాత్రం ఒక్కసారి కూడా ఏడవలేదు.

ఆ బండి ఇప్పుడు బడి గేటు ముందు ఆగి ఉంది. ఒనొదెరా మెట్టు మీద కూర్చుని చేతి తొడుగులు తీసి మళ్ళీ వేసుకుంటున్నాడు. నలభై దాటిన మనిషి. కింది ఊళ్ళో కొట్టు మూతపడ్డాక ఈ బండి ఎక్కాడు.

"కుజే గారేనా?" అన్నాడు. "నా పేరే కదా అడిగింది?"

"నువ్వు పారబోశావా?"

"మీరు కూడానా మేడమ్!" అతను లేచి నిలబడ్డాడు. "బన్నులు అమ్ముడుపోకపోతే నేనే తినేసేవాణ్ణి. నా పొట్ట చూశారా, సాక్ష్యం కింద పనికొస్తుంది."

"మరి వచ్చిన ప్రతిసారీ అంతా ఎలా అమ్ముడైంది? ఈ పల్లెలో పొగ లేచే ఇళ్ళెన్ని?"

ఒనొదెరా తల తిప్పుకున్నాడు. "చివరి మజిలీలో ససామోరి పెద్దాయన తీసుకుంటాడు. ఏది మిగిలితే అది. పై ఇళ్ళల్లో మంచం పట్టిన వాళ్ళున్నారట, వాళ్ళకి తనే మోసుకెళ్ళి ఇస్తానంటాడు. ఊరి పెద్ద కదా."

"పై ఇళ్ళకి నువ్వెప్పుడైనా వెళ్ళావా?"

"ఆ దారిలో బండి పట్టదు."

"నడిచి?"

అతను తొడుగులు తీసి జేబులో కుక్కుకున్నాడు. "వెళ్ళలేదు. వెళ్తే ఏం కనబడుతుందోనని వెళ్ళలేదు. సరేనా?"

అకిహో బండి వెనక తలుపు తెరిచింది. ప్రమాదానికి ముందు చివరిసారి తిరిగి వచ్చినప్పటి నుంచి ఇందులోవి ఎవరూ దించలేదు. ఖాళీ అరల కింద, పల్లెల నుంచి తిరిగి వచ్చే ట్రేల సంచి ఉంది. తిన్నాక ట్రేలు కడిగి, ఆరబెట్టి, బండికి తిరిగి ఇవ్వాలి. అవి కరిగి మళ్ళీ ట్రేలవుతాయి. అదీ ఆమె మొదలుపెట్టిందే.

సంచిలో ఇంటింటి ట్రేలు విడివిడిగా ఉన్నాయి. ఫుజినో అవ్వవి చిన్న మూట, పైన రబ్బరు బ్యాండు. ఇంకెవరివో అలాగే పలచగా. వీటన్నిటి వెనక ఆమె మోకాలెత్తు కట్టలు, వరిగడ్డి తాడుతో అందంగా ముడివేసి. తోఫు డబ్బాలు ఒకవైపు, వడల ట్రేలు ఒకవైపు, బన్నుల కవర్లు ఇస్త్రీ చేసినట్టు మడతపెట్టి ఒకవైపు. ఎంత శుభ్రంగా కడిగారంటే, దేనికీ వాసన కూడా లేదు.

"ఇవి ఎవరివి?"

అడగక్కర్లేదు. ఆ ముడి ఆమెకి తెలుసు. ఎండాకాలం చివర్లో దుకాణాల కరపత్రం మీద ఆమె తనే వేయించిన ఫొటో అది. గడ్డి తాడుతో కట్టిన ట్రేల కట్టలు రెండు చేతులా పట్టుకుని, సిగ్గుపడుతూ నిలబడ్డ ముసలాయన. కింద పెద్ద అక్షరాల్లో, ఉవాదైరాని చూసి నేర్చుకుందాం అని.

ఫొటో దిద్దేటప్పుడు ఆ కట్టల ఎత్తు ఆమెకి ముద్దొచ్చింది. ఒంటరి మనిషి ఇంట్లో అన్ని ట్రేలు ఎందుకు ఖాళీ అవుతాయని అప్పుడు తోచలేదు.

*

పై ఇళ్ళ దాకా నడిచింది. అక్కడ మంచం పట్టిన వాళ్ళెవరూ లేరు. మనుషులే లేరు. చలికాలం ముందు మంచుకి అడ్డంగా కిటికీలకు కొట్టే చెక్క పలకలు ఏ ఇంటికీ కొట్టలేదు. ఒక గుమ్మం మీద తీగ అల్లుకుని తలుపు తాళాన్ని మింగేసింది. ఇంకో ఇంటి ముందు ఎవరూ కోయని పళ్ళతో పెర్సిమన్ చెట్టు ఒంగిపోయి ఉంది. గాలి ఆగినప్పుడు ఎక్కడా ఏ చప్పుడూ లేదు. అకిహోకి తన ఇల్లు గుర్తొచ్చింది. సాయంత్రం తాళం తీసి లోపలికి వెళ్ళాక, మర్నాడు తాళం వేసేదాకా తన గొంతు తనకే వినిపించని ఇల్లు.

కిందికి దిగేసరికి ససామోరి గెన్జో తన ఇంటి కిటికీలకి పలకలు కొడుతున్నాడు. ఎనభై దాటిన మనిషి. నోట్లో మేకులున్నాయి. ఆమెని చూసి వాటిని అరచేతిలోకి తీసుకున్నాడు.

"ఓహో, 'చెత్త సున్నా' అమ్మగారు వచ్చారే! చలిలో నిలబడ్డావేం తల్లీ? లోపలికి రా. తిన్నావా?"

ఆ చివరి మాటకి అకిహో ఒక్క క్షణం తడబడింది. ఎవరైనా అలా అడిగి ఎన్నాళ్ళయిందో.

"తిన్నానండీ," అంది.

"అబద్ధం. కార్యాలయం వాళ్ళు అబద్ధం కూడా సరిగ్గా ఆడలేరు. కూర్చో."

గది మధ్యలో కాళ్ళు వెచ్చగా దాచుకునే కొతాత్సు బల్ల. దాని మీద ఒకే గిన్నె, ఒకే జత తినే పుల్లలు. గోడవైపు భార్య ఫొటో ముందు అగరొత్తు, ఒక తీపి బన్ను. బన్ను మీద మంచుపువ్వు. ముసలాయన వేడి టీ పోసి, ఊరవేసిన ముల్లంగి ముక్కల పళ్ళెం ముందుకి తోశాడు.

"ఫుజినో పెట్టిన ఊరగాయ. ఉప్పు ఎక్కువేసింది. చెప్తే వినదు. బళ్ళో నా పక్కన కూర్చునే రోజుల నుంచీ అంతే, మొండిఘటం." అతను టీ కప్పు చేతుల్లో తిప్పాడు. "ఎలా ఉందట?"

"ఇంకా కళ్ళు తెరవలేదు."

అతను తలూపాడు. ఊపుతూనే ఉన్నాడు.

"తీపి బన్నులు మీకిష్టమా పెద్దయ్యా?" అడిగింది అకిహో.

"నాకా? డాక్టరు తీపి మాటలు కూడా వినొద్దన్నాడు. ఆవిడకిష్టం," అన్నాడు ఫొటో వైపు గడ్డం చూపిస్తూ.

"గోతిలో బన్నులు దొరికాయి. వడలు, తోఫు, చేప. ఒక్క ట్రే కూడా లేదు."

గెన్జో టీ తాగాడు.

"పారబోసేవాడు ట్రేలతో పాటే పారబోస్తాడు," అంది ఆమె. "కడిగి, ఆరబెట్టి, గడ్డి తాడుతో కట్టి బండికి తిరిగివ్వడు. పై ఇళ్ళ దాకా వెళ్ళొచ్చాను పెద్దయ్యా. అక్కడ ఎవరూ లేరు."

బయట గాలికి ఒక పలక కిటికీకి కొట్టుకుంది. ముసలాయన అరచేతిలోని మేకుల్ని బల్ల మీద ఒక్కొక్కటిగా వరసగా పేర్చాడు.

"సాయంత్రం లోపు నేను ఒక పేరు చెప్పాలి," అంది అకిహో. "చెప్పకపోతే ఒనొదెరా ఉద్యోగం పోతుంది. చెప్పినా బండి పోవచ్చు. అందుకని అడుగుతున్నాను. చెత్త వారానికోసారి తీసుకెళ్తారుగా? ఆ గోతిలో ఎందుకు పెట్టారు?"

గెన్జో ఆమెని జాలిగా చూశాడు.

"పట్నంలో పుట్టావు కదూ! మా చెత్త సంచీ చూశావా ఎప్పుడైనా? అద్దంలా ఉంటుంది, లోపలిదంతా కనబడుతుంది. పైన ఇంటిపేరు రాయాలి. రాయకపోతే తీసుకెళ్ళరు. సంచీ పెట్టే చోట పొద్దున్నే అందరూ నిలబడి కబుర్లు చెప్పుకుంటారు. ఇక్కడి వాళ్ళకి అదే వార్తాపత్రిక. విప్పని బన్నులు, కొరకని వడలు, వాటి పైన ససామోరి అని నా రాత! ఫుజినో చూస్తే ఇంకేమైనా ఉందా? బువ్వ పారేసే చేతులు విరగ్గొడతానంటుంది. నేను ఈ ఊరి పెద్దని. ఆకలికి చెట్టు బెరడు ఉడకేసుకున్న తాతల మనవణ్ణి. ఆ సంచీ నేను పెట్టగలనా?"

"ట్రేలు మాత్రం కడిగారు."

"ట్రేలు వెనక్కి ఇవ్వాలని నువ్వే కదమ్మా చెప్పావు?" అన్నాడతను, ఆశ్చర్యంగా. "నా ఫొటో కూడా వేశావు."

అకిహో ఒళ్ళో ఫోన్ మోగింది. కుజే. ఆమె దాన్ని చూస్తూ కూర్చుంది. అది మోగి మోగి ఆగింది.

"ఎత్తాల్సింది," అన్నాడు గెన్జో. "చెప్పెయ్. గెన్జో అని చెప్పు. ఆ డ్రైవరబ్బాయి మంచోడు. నా మోకాళ్ళకి పట్టీలు కూడా తనే కొని తెచ్చాడు."

"ఎందుకు కొన్నారు పెద్దయ్యా? అంత సరుకు?"

ముసలాయన లేచి, అగరొత్తు బూడిద దులిపి, మళ్ళీ వచ్చి కూర్చున్నాడు. మాట్లాడుతున్నప్పుడు ఆమె వైపు చూడలేదు.

"పక్క లోయలో బండి ఆగిపోయాక అక్కడి ముసలాయన ఒకడు ఫోన్ చేశాడు. 'ఏడుపు మొహం పెట్టారు, వెళ్ళిపోయారు' అన్నాడు. ఆ రోజు నుంచి మా చివరి మజిలీలో బండిలో ఏం మిగిలిందో ముందు చూసేవాణ్ణి. నీకు తెలీదమ్మా. ఆ బండి పాట కొండ మలుపులో వినబడితే మేమంతా జుట్టు దువ్వుకుంటాం. ఫుజినో పెదాలకి రంగు కూడా వేసుకుంటుంది. వేసుకోలేదని బుకాయిస్తుంది కానీ వేసుకుంటుంది. మిగతా రోజుల్లో నాతో మాట్లాడేది రేడియో ఒక్కటే. దానికి నేను జవాబు చెప్తే వినదు. బండి ఆగిపోతే ఇంక మేం ఎవరి కోసం దువ్వుకోవాలి? అందుకని కొన్నాను. తిన్నంత తిన్నాను. తినలేనిది, ముల్లంగి కాలం దాకా ఎవరూ తెరవని ఆ గోతిలో పెట్టాను. మట్టిలో కలిసిపోతుంది, పాపం తగ్గుతుందనుకున్నాను."

బల్ల మీద అకిహో టీ చల్లారిపోయింది.

"ఇందులో నేరమేం లేదు పెద్దయ్యా," అంది చివరికి. "నేను కుజే గారితో మాట్లాడతాను. ఎలుగు వస్తుందని మీకెలా తెలుస్తుంది?"

గెన్జో తలెత్తాడు. అంతసేపూ మర్యాదగా, కాస్త వేళాకోళంగా ఉన్న ఆ మొహం ఇప్పుడు వేరేగా ఉంది.

"అదిగో, అక్కడే ఆగమ్మా. నువ్వు మంచిదానివి. నాకోసం అబద్ధం తయారు చేసేస్తున్నావు. బన్నుల సంగతి కాదు నేను చెప్పాల్సింది." అతను గోడ మీద ఊరి లౌడ్‌స్పీకర్ మీటని చూపించాడు. ఊరి పెద్ద ఇంట్లో మాత్రమే ఉండే మీట. "ఎలుగు జాడ కనబడితే అది నొక్కి ఊరికంతా చెప్పాలి. కింద మునిసిపాలిటీకి ఫోన్ చెయ్యాలి. నిరుడు అలాగే చేశాను. చేస్తే ఏమైంది? మీ కంపెనీ వాళ్ళు భద్రత అన్నారు, బండి నెల రోజులు రాలేదు."

మళ్ళీ ఫోన్ మోగింది. ఇద్దరూ దానివైపు చూడలేదు.

"ఫుజినోకి అలా జరగడానికి ముందురోజు గోతి దగ్గరికి వెళ్ళాను. బురదలో అడుగులున్నాయి. నా అరచేతికన్నా పెద్దవి. కొత్తవి, ఇంకా నీళ్ళు కూడా ఊరలేదు. మర్నాడు బండి వచ్చే రోజు. ఇంటికి వచ్చి ఆ మీట మీద చెయ్యి పెట్టాను. పెట్టి తీసేశాను. చీపురు తీసుకుని మళ్ళీ వెళ్ళాను. ఒక్క గోరు గుర్తు కూడా మిగలకుండా ఊడ్చేశాను. రేపు బండి వచ్చి వెళ్ళాక గోతి పూడ్చేస్తాను, అప్పుడు చెప్పొచ్చులే అనుకున్నాను.

"మర్నాడు పొద్దున్నే ఆ కిటికీ దగ్గర నిలబడ్డాను. ఫుజినో బుట్ట నిండా ముల్లంగి వేసుకుని బడి వెనక్కి వెళ్తోంది, గోతిలో పూడ్చడానికి. నేను కిటికీ తీశాను. 'ఒసే ఫుజినో' అని పిలిచాను. ఆగింది. వెనక్కి తిరిగింది. నేను నోరు తెరిచాను.

"చలిగా ఉంది, మెడకి గుడ్డ చుట్టుకోవే అన్నాను. అంతే అన్నాను తల్లీ. చెయ్యి ఊపి వెళ్ళిపోయింది."